మార్తమ్మ చెప్పిన టైము

గూడూరు పక్కన మా ఊళ్ళో పిల్లల పేర్లకు మొదటి అక్షరం మార్తమ్మ చేతి గడియారంలోంచే వచ్చేది. ఆమె రిటైరైన నర్సు. పుట్టిన టైము ఆమె చెబితే, దాన్నిబట్టి పంతులు నక్షత్రం, పాదం లెక్కగట్టి అక్షరం చెప్పేవాడు. చర్చికి పోయే మార్తమ్మకు నక్షత్రాలతో పనిలేదు. అయినా ముప్పై ఏళ్ళలో ఒక్క నిమిషం అటూ ఇటూ చెప్పలేదు. మంచి అక్షరం కోసం చీర తెచ్చినవాళ్ళను గుమ్మంలోంచే తిప్పి పంపింది.

అందరికీ ఆమె అంటే గౌరవం. నాకు మాత్రం ఒళ్ళుమంట. నాకు ‘మీ’ అక్షరం వచ్చింది. మఖ రెండో పాదం, తండ్రికి గండమన్నారు. మీనాక్షి అని పేరు పెట్టి, ఇరవై ఒకటో నాడే టేకుమట్లలో అమ్మమ్మ దగ్గర వదిలేశారు. చేపల్లాంటి కళ్ళున్నదని అర్థమట. ఆ కళ్ళను మా నాయిన పదేళ్ళు చూడలేదు. ఆయన మాత్రం డెబ్బై ఏళ్ళు దుక్కలా బతికాడు. నేను పంతం కొద్దీ ఈ ఊరి అబ్బాయినే చేసుకుని, ఇక్కడే అంగన్‌వాడీ టీచర్నయ్యాను.

సకల జనుల సమ్మె నాటి మాట. రైల్ రోకోకు మహబూబాబాద్ పోయిన పోశాలును పోలీసులు పట్టుకుపోయారు. ఆరు రోజులైనా జాడ లేదు. ఆ మధ్యాహ్నమే అతని భార్య గీతకు నొప్పులొచ్చాయి. ఆటో దొరికేలోపు ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. మార్తమ్మా నేనూ ఇద్దరం గడియారం చూశాం. నాలుగూ నలభై.

పోశాలు తల్లి సారక్క అప్పటికే పంతులుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"నాలుగూ నలభై అయిదుకు పాదం మారుతుంది" అన్నాడు పంతులు. "అంతకు ముందైతే ‘మీ’. తండ్రికి గండం. తర్వాతైతే ‘ము’. ఏ దోషం లేదు."

"కొడుకు జాడ తెల్వక నేను చస్తున్న" అంది సారక్క. "తండ్రికి గండమైతే తల్లీబిడ్డ గీ ఇంట్ల ఉండొద్దు. ఇయ్యాలనే బయ్యారం పోవాలె, తల్లిగారింటికి. చెప్పు మార్తమ్మా, ఎప్పుడు పుట్టింది?"

గీత బిడ్డను రొమ్ముకు అదుముకుంది. నేను అబద్ధమాడినా నమ్మేవాళ్ళు లేరు. మార్తమ్మ అబద్ధమాడదు.

మార్తమ్మ గడియారం చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"నాలుగూ యాభై" అంది.

నా రిజిస్టర్లో అదే రాశాను. పేర్ల పుస్తకం తీసి ‘ము’ పేజీ చదివాను.

"ముక్త అంటే ఏంది టీచరమ్మా?" అని అడిగింది గీత.

"విడుదలైన మనిషి."

"గదే పెట్టుండ్రి."

పోశాలు ఇంకో తొమ్మిది రోజులకు బెయిలు మీద వచ్చాడు. మనవరాలి అడుగు మంచిదని సారక్క వాడంతా చెప్పుకుంది. ఆ పొద్దు నేను మార్తమ్మ ఇంటికి పోయాను. నా కోసం ఎందుకు మాట మార్చలేదని అడగాలనే పోయాను. నేను అడక్కముందే ఆమె అంది.

"నీకు గూడ గంతే బిడ్డా. నాలుగు నిమిషాలే తేడా. మీ అమ్మ బాలింత ఒంటితోని మంచం దిగి, టైము మార్చి చెప్పుమని నా కాళ్ళు పట్టుకున్నది. నేను గడియారమే చూసిన."

అమ్మే నన్ను వద్దనుకుందని ముప్పై ఏళ్ళు అనుకున్నాను. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు.