మా లైబ్రరీ పాస్‌వర్డు ఊరంతా తిరిగిన రోజులు

మొన్న ఆదివారం కోహ్కాలోని మా ఇంటికి హాస్టల్ నుంచి వచ్చిన మనవరాలు, నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల, కూర్చున్న చోటే ఫోనును కసురుకుంటుంటే ఏమిటా అని వెళ్ళి చూశాను. జబ్బులూ మందులూ వివరించే ఆన్‌లైన్ గ్రంథం ఒకటి వాళ్ళ కాలేజీ తెప్పిస్తుందట, అది కాలేజీ ఆవరణ దాటితే తెరుచుకోదట. "అమ్మమ్మా, యే లైసెన్స్ వాలే భీ నా, ఇంట్లో చదివితే వీళ్ళకేటి పోద్ది?" అంది. దాని విసుగు దానిది గానీ, లైసెన్స్ అన్న మాట చెవినపడగానే నాకు ఎక్కడలేని హుషారూ పుట్టుకొచ్చింది. ఒకప్పుడు ఆ లైసెన్స్ వల్లే నా ఉద్యోగం ఊడినంత పనైంది మరి.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే కాలం. ఒక నర్సింగ్ కాలేజీ లైబ్రరీలో తాత్కాలికంగా చేరాను, ఏడాది చూసి ఖాయం చేస్తామన్నారు. అట్టలూడిన పుస్తకాల కోసం అమ్మాయిలు వంతులు వేసుకునే ఆ చోటికి ఆన్‌లైన్ గ్రంథం వచ్చిన రోజు పెళ్ళివారు దిగినంత సందడి! ఒక్క పేరు కొడితే చాలు, జబ్బు లక్షణాల నుంచి మందు మోతాదు దాకా అన్నీ తెరమీదికి వచ్చేసేవి. పాస్‌వర్డు నా చేతికిచ్చారు. దాంతోపాటు వచ్చిన ఒప్పంద కాగితాలను ఎంతో భద్రంగా బీరువాలో పెట్టాను గానీ చదవలేదు.

అది నా మొదటి తప్పు. రెండోది ప్లాంటు కాలనీలో మా సెక్టారు క్వార్టర్ల పెంపకంలోనే ఉంది. మా నాన్నతోపాటు విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవాళ్ళే వీధంతా. ఒకరింటికి ఫ్రిజ్ వస్తే అందరి పాలగిన్నెలూ అందులోకి చేరేవి, ఒకరింట్లో ఫోనుంటే అదే వీధందరి నంబరు. ఉన్నది దాచుకునేవాళ్ళని మనుషుల కింద లెక్కవేసేవారు కాదు. ఆ అలవాటుతోనే పాస్‌వర్డును చీటీల మీద రాసి, నందిని గనుల కాలనీ డిస్పెన్సరీలో నర్సుగా ఉన్న పిన్నికీ, దుర్గ్‌లో మందుల షాపు పెట్టిన బాబాయికీ, హథ్‌ఖోజ్‌లో ఒక వర్క్‌షాపులో ప్రథమ చికిత్స చూసే వదిన తమ్ముడికీ ఇచ్చాను. వాళ్ళు మాత్రం ఊరుకుంటారా, పెరిగింది అలాంటి క్వార్టర్లలోనే కదా, వాళ్ళూ తలా నలుగురికి పంచారు.

నెల తిరక్కుండానే ఆ గ్రంథం అమ్మే కంపెనీవాళ్ళు, పాస్‌వర్డు ఎక్కడెక్కడో వాడుతున్నారని పసిగట్టి, మా కాలేజీ మొత్తానికి గ్రంథం తలుపు మూసేశారు. పరీక్షలు చూస్తే రెండు వారాల్లో ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "పాస్‌వర్డ్ కిస్‌కో దియా?" అని, ఎవరికిచ్చావని ఒక్కటే అడిగారు. తెలియదంటే ఆ నేరం కంప్యూటరు మీదికి పోయేదేమో గానీ, బయట నిలబడ్డ అమ్మాయిల మొహాలు చూశాక నాకు అబద్ధం నోట రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, ఒప్పంద కాగితాలు తెచ్చి తన ఎదుట కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదవమన్నారు.

డిక్షనరీ పక్కన పెట్టుకుని, ముచ్చెమటలు తుడుచుకుంటూ చదివాను. పాస్‌వర్డు బయటివాళ్ళకి ఇవ్వకూడదు, ఇది చదువుకే గానీ వైద్యానికి వాడకూడదు, పేజీలు పట్టుకెళ్ళకూడదు, అన్నీ కూడదులే. ఇక నా పని అయిపోయిందనుకుంటుంటే, లైబ్రరీకి స్వయంగా వచ్చి అక్కడే కూర్చుని చదువుకునే బయటివారికి అభ్యంతరం లేదని ఒక వాక్యం కనిపించింది! కుర్చీలోంచి లేచి నిలబడి దాన్ని గట్టిగా రెండుసార్లు చదివాను. ఆవిడ కూడా నవ్వారు. పాస్‌వర్డు మార్చి, తప్పు ఒప్పుకుంటూ, ఇకమీదట చదవాలనుకునే బయటివాళ్ళే లైబ్రరీకి వస్తారని కంపెనీకి ఉత్తరం రాశాం. నాలుగో రోజున తలుపు తెరిచారు, అమ్మాయిల పరీక్షలకి గ్రంథం అందింది.

ఆ తర్వాత మొదట వచ్చింది పిన్ని. డ్యూటీ దిగి అదే తెల్లచీరతో బస్సెక్కి నందిని నుంచి వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, నా విద్యార్థినుల మధ్య బెంచీ మీద కూర్చుని గంటసేపు చదివింది. "ఇరవై ఏళ్ళబట్టి డాక్టరుబాబు సెప్పినట్టు సేసీదాన్నే అమ్మా, ఎందుకు సేస్తన్నానో ఇయ్యాల తెలిసింది" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె తర్వాత బాబాయి, ఆయన వెనుక ముక్కూమొహం తెలియనివాళ్ళు, శనివారం వస్తే మా లైబ్రరీలో కుర్చీ దొరికేది కాదు. ఏడాది తిరిగేసరికి నా ఉద్యోగమూ ఖాయమైంది.

ఇదంతా చేతులు తిప్పుతూ చెబితే మనవరాలు పడీపడీ నవ్వింది. ఇప్పుడు ఎవరి పేరుతో వాళ్ళకే పాస్‌వర్డట, ఎవరికీ ఇవ్వరట. "మాంగ్‌తా భీ కౌన్ హై, అమ్మమ్మా" అంది, అసలు అడిగేవాళ్ళెవరున్నారని, మామూలుగా. దాని తప్పేమీ లేదు, రూలు ప్రకారమే నడుస్తోంది. అయినా నాకెందుకో ఆ పిల్ల మీద జాలేసింది. అంత పెద్ద తప్పు నేను చేయగలిగానంటే, నా చేతిలో ఉన్నది తమదే అనుకుని చనువుగా వచ్చి అడిగేవాళ్ళు నాకు అంతమంది ఉండేవారు మరి.