ఆదివారం చెప్పిన కిడ్నీ పాఠం

నేను డిగ్రీ మొదటి సంవత్సరం జీవశాస్త్రం చదివింది నలభై దాటాక. చదివిన గది మాత్రం నాకు కొత్త కాదు. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా పొద్దున ఆ గది తాళం తీస్తున్నదీ, సాయంత్రం వేస్తున్నదీ నేనే. విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబుకి అటెండర్ని. స్లైడులు కడగడం, మైక్రోస్కోపుల అద్దాలు తుడవడం, జంతువుల నమూనాలున్న సీసాల్లో ఫార్మలిన్ మార్చడం, ప్రాక్టికల్ ఉన్న రోజు పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి రొయ్యలు పట్టుకురావడం నా పని. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన రోజున కిటికీ పక్క బల్లల మీద బొగ్గు నుసి పేరుకునేది. అలాంటి రోజు ఒకే పూటలో రెండుసార్లు తుడవాల్సి వచ్చేది.

డిగ్రీ ఉంటే ఆఫీసులోకి ప్రమోషన్ మీద తీసుకుంటారని మా కాలేజీలో ఒక మాట ఉండేది. రోజంతా నిలబడే ఉద్యోగం కదా, మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. కుర్చీ ఉన్న ఉద్యోగం కావాలని దూరవిద్యలో చేరాను. బి.ఏ. కట్టుకోమని అందరూ చెప్పారు. ఆ సీసాల మీద పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు, సైన్సే సుళువనుకున్నాను. ఎంత పొరపాటు పడ్డానో తొందరలోనే తెలిసింది.

స్టడీ సెంటరు మా కాలేజీయే. తరగతులు ఆదివారాలు, మా ల్యాబులోనే. పద్మనాభం మండలంలో ఉన్న మా ఊరి నుంచి వారానికి ఆరు రోజులు ఎక్కే బస్సే ఏడో రోజూ ఎక్కాల్సి వచ్చింది. మొదటి ఆదివారం క్యారేజీ చేతికిస్తూ మా ఆవిడ, "వారమంతా ఆ గదే. ఆదోరం కూడా ఆ గదేనేటి?" అంది. కోపంగా అనలేదు. చేలో పని చేసి అలిసిపోయిన మనిషి, ఇంకో మనిషి అలసటను చూసి అన్న మాట అది. క్యారేజీ అందుకుని బస్సుకి నడిచాను.

ఆదివారం కూడా తాళం తీసేది నేనే. ఊడ్చి, బకెట్లలో నీళ్ళు పట్టి, మైక్రోస్కోపుల మీద ముసుగులు తీసి, చేతులు కడుక్కుని మూడో బల్ల దగ్గర స్టూలు మీద కూర్చునేవాణ్ణి. అప్పటికే సగం ఓపిక అయిపోయేది. మిగతావాళ్ళూ అంతే. అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేసే ఆడపిల్లలు కొందరు షిఫ్టు దిగి తిన్నగా క్లాసుకే వచ్చేవాళ్ళు. బల్ల మీద తల పెడితే మళ్ళీ లేచేవాళ్ళు కాదు. మేడం వాళ్ళను లేపేది కాదు.

ఆ మేడం వారమంతా మా కాలేజీలో పాఠం చెప్పే లెక్చరరే. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. మామూలు రోజుల్లో నన్ను "నువ్వు" అనేది. అది మా ఇద్దరికీ అలవాటు. ఆదివారం విద్యార్థులందరినీ "మీరు" అనేది. నా దగ్గరికి వచ్చేసరికి ఏమనాలో ఆమెకు తోచేది కాదు. వారాల తరబడి రెండూ అనకుండా నెట్టుకొచ్చింది. "ఆ స్లైడు కనబడుతోందా?", "రికార్డు తేవడం జరిగిందా?" అని గాలిలోకి అడిగేది. నేనూ అలాగే గాలిలోకి చెప్పేవాణ్ణి. ఆమెకు టీ తెచ్చిపెట్టాలో, కూర్చుని ఉండాలో తెలియక ఇబ్బంది పడేవాణ్ణి. చివరికి టీ తెచ్చిపెట్టి వచ్చి కూర్చునేవాణ్ణి.

ఒకసారి ఆమె సముద్ర నక్షత్రం సీసా చూపించి ఇదెలా నడుస్తుందని నన్నడిగింది. ఆ సీసా మూతకి మైనం పెట్టింది నేను. దాని మీద చీటీ రాయించి అంటించింది నేను. పేరు గడగడా చెప్పేశాను. "పేరు కాదు, ఎలా నడుస్తుంది?" అని మళ్ళీ అడిగింది. నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళలో అది నడుస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు. వెనక ఎవరో నవ్వారు. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో సిగ్గు కూడా వేయలేదు. సిగ్గుపడడానికి కూడా కొంచెం ఓపిక ఉండాలి.

నా పక్క స్టూలు మీద కూర్చునే ఆయన విశాఖలోనే పాత ఊరి వైపు మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న రాగి గిన్నెలకు కళాయి వేసేవాడట. ఇప్పుడెవరూ వేయించుకోవడం లేదని ఈయన అదే కొట్లో ప్రెషర్ కుక్కర్లు, మిక్సీలు బాగుచేసేవాడు. బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. క్లాసులో ఎప్పుడూ నిద్రపోని మనిషి ఆయనొక్కడే. అలాగని హుషారుగానూ ఉండేవాడు కాదు. కళ్ళు లోపలికి పోయి, ఎప్పుడో అయిపోవలసిన పని ఇంకా మిగిలి ఉన్నట్టు కూర్చునేవాడు. ఉల్లిపొర స్లైడు నాకు నాలుగుసార్లకి గాని కుదరలేదు. ఆయనకు మొదటిసారే కుదిరింది. ఈ వయసులో ఇదెందుకు భాయ్ అని అడిగితే, తెలుసుకుందామని అన్నాడు. అందరూ అనే మాటే కదా అని నేను వదిలేశాను.

వానాకాలం వెళ్ళాక ఒక ఆదివారం విసర్జక వ్యవస్థ పాఠం వచ్చింది. సెలవుల వల్ల పోర్షన్ వెనకబడింది. ఒకే పూటలో రెండు అధ్యాయాలు ముగించాలని మేడం ముందే చెప్పింది. బోర్డు మీద కిడ్నీ బొమ్మ వేసి, పక్కన నెఫ్రాన్ వేసి, భాగాల పేర్లు రాసుకోమంది. ఆమె గొంతు కూడా బొంగురుపోయి ఉంది. భాయ్ చెయ్యెత్తాడు. అప్పటిదాకా ఆయన చెయ్యెత్తగా నేను చూడలేదు.

"ఇయి పాడైపోతే మళ్ళీ ఒస్తాయా మేడం?"

రావని చెప్పి, అది సిలబస్‌లో లేదని చెప్పి, ఆమె రెండో అధ్యాయంలోకి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి దించాడు. నోటు పుస్తకంలో ఆ తర్వాత ఒక్క అక్షరం రాయలేదు.

ఒంటిగంటకు క్లాసు అయింది. అందరూ వెళ్ళిపోయారు. నేను బోర్డు తుడవడానికి లేచాను. కిడ్నీ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి, అదొక్కటీ ఉండనియ్యమన్నాడు భాయ్. ఆయనింకా స్టూలు మీదే ఉన్నాడు. ఏమైందని అడిగాను.

వాళ్ళ ఆవిడ పోయి రెండేళ్ళయిందని అప్పుడు చెప్పాడు. కిడ్నీలు పోయాయట. ఆస్పత్రిలో డాక్టరు చాలా పనుల్లో ఉన్నా మంచిగానే మాట్లాడాడని, చీటీ వెనక్కి తిప్పి రెండు గీతలు గీసి చూపించాడని చెప్పాడు.

"అర్థమయ్యిందా అన్నాడు. అయ్యిందన్నాను. ఎనకాల ఇంకా నలుగురున్నారు. నాకేటీ అర్థం కాలేదు తమ్ముడూ. అయ్యిందని సెప్పి ఒచ్చేశాను."

ఆ అర్థం కాని దానికోసమే ఈ చదువులో చేరాడట. పుస్తకం ఇచ్చిన రోజే ఈ అధ్యాయం వెతుక్కుని చదివాడు, అయినా కుదరలేదు. ఈ పాఠం ఎప్పుడొస్తుందా అని నాలుగు నెలలుగా చూస్తున్నాడు. వచ్చింది, అరగంటలో వెళ్ళిపోయింది.

  మూల బీరువా తీసి కిడ్నీ నమూనా దింపాను. ప్లాస్టర్‌తో చేసింది, మధ్యకు రెండు చెక్కలుగా విడుతుంది. ఒకసారి ఒక విద్యార్థి చేతిలోంచి జారి అంచు విరిగితే అతికించింది నేనే. దాన్ని బల్ల మీద పెట్టి, తెరిచి, ఏ ముక్క పేరేమిటో వరసగా చెప్పాను. చెబుతూ ఉండగానే తెలిసింది, ఆయనకు పేర్లతో పనిలేదని. ఆగిపోయాను.

మేడం అప్పటికి బ్యాగు భుజానికి వేసుకుంది. గాజువాక బస్సు దొరక్కపోతే ఆమెకు ఇంటికి చేరేసరికి మూడవుతుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది. ఏమిటని అడిగింది. నేను చెప్పాను. ఆమె వాచీ చూసుకుంది. తర్వాత వచ్చి బ్యాగు బల్ల మీద పెట్టి, మా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ గదిలో ఆమె స్టూలు మీద కూర్చోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

తినకుండానే మొదలుపెట్టింది. నెత్తురు ఎటునుంచి వస్తుంది, ఎక్కడ వడపోత జరుగుతుంది, పనికొచ్చేదాన్ని ఒళ్ళు ఎలా వెనక్కి తీసుకుంటుంది, మిగిలినది ఎలా బయటికి పోతుంది అన్నీ వేలితో చూపిస్తూ చెప్పింది. అర్థం కాకపోతే ఆపమంది. భాయ్ చాలాసార్లు ఆపాడు. వడపోత ఆగిపోతే కాళ్ళెందుకు పొంగుతాయని అడిగాడు. నోట్లో రుచి ఎందుకు పోతుందని అడిగాడు. ఒళ్ళంతా దురదని ఎందుకు గీరుకునేదని అడిగాడు. అవి ప్రశ్నలు కావు, ఒక్కొక్కటీ ఆవిడ పడ్డ బాధ. మేడం తెలిసినవాటికి జవాబు చెప్పింది, తెలియనిది తెలియదంది. నాకూ ఆ రోజే అర్థమైంది, నేను ఇన్నేళ్ళూ దుమ్ము దులిపింది దేన్నో.

చివరికి ఆయన నమూనాను నెమ్మదిగా మూసి, దాని మీద చెయ్యి ఉంచి అడిగాడు. వాళ్ళ ఆవిడకు మోకాళ్ళ నొప్పులుండేవట. మెడికల్ షాపు నుంచి ఆయనే మాత్రలు తెచ్చి ఇచ్చేవాడు. ఒక నెలా రెండు నెలలా, ఏళ్ళ తరబడి ఇచ్చాడు. నొప్పి మాత్రల వల్ల కిడ్నీలు పోతాయని ఆ తర్వాత ఎవరో అన్నారు.

"దానివల్లేనేటి మేడం?"

 తాను డాక్టరును కానని మేడం ముందు చెప్పింది. అలాంటి మాత్రలు ఎక్కువకాలం వాడితే దెబ్బ తగలవచ్చని అంటారంది. బీపీ వల్లా, షుగరు వల్లా, ఇంకా వేరే కారణాల వల్లా కూడా పోతాయంది. ఆవిడకు ఏది కారణమో ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరంది.

"సెప్పలేరా మేడం, సెప్పకూడదా?"

"చెప్పలేరండీ. తెలిస్తే మీకు చెప్పేసేదాన్ని."

ఆమె తప్పించుకోవడానికి అన్న మాట కాదని ఆయనకూ తెలిసింది. తల ఊపాడు. కళ్ళలో నీళ్ళు రాలేదు. చాలా దూరం నడిచి వచ్చినవాడు గుమ్మంలో కూలబడ్డట్టు ఆయన భుజాలు కిందికి దిగాయి. నా చొక్కా జేబులో అప్పుడు అలాంటి మాత్రల స్ట్రిప్పే ఒకటి ఉంది. ఆ ఉదయం బస్సెక్కే ముందు ఒకటి వేసుకున్నాను. బయటికి తీసి చూపించి అడగాలని ఉంది గానీ, ఆ సమయంలో నా గొడవ చెప్పుకోవడానికి నోరు రాలేదు.

మేడం లేచి, టిఫిన్ బాక్సు తీసి నిలబడే రెండు ముద్దలు తింది. వెళ్ళేటప్పుడు నావైపు తిరిగి, "మీరు తాళం వేసుకోండి" అంది. నన్ను మీరు అనడం అదే మొదలు. మర్నాడు సోమవారం నుంచి మళ్ళీ నువ్వే అనుకోండి.

ఇక ఆయన రాడనుకున్నాను. తెలిసింది తెలిసింది, తెలియనిది తెలియలేదు, ఇంకెందుకొస్తాడు అనుకున్నాను. పై ఆదివారం తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చున్నాడు. ఆ రోజంతా రికార్డులో కిడ్నీ బొమ్మ వేశాడు. చెరిపి వేసి, చెరిపి వేసి, పెన్సిలు రెండుసార్లు చెక్కుకున్నాడు. నెఫ్రాన్ గొట్టాలు ఒక్కొక్కటీ తడబాటు లేకుండా తిప్పాడు. మేడం సంతకం పెట్టి, పేజీ తిప్పకుండా కాసేపు చూసింది.

ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు నన్ను సెలవు పెట్టమన్నారు. నమూనాలు సర్దేది నేనే అయితే నేనే రాయడం బాగుండదు కదా. కెమిస్ట్రీ అటెండరు వచ్చి సర్దాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలోకి ఏమున్నాయో తెలియకుండా వెళ్ళింది ఆ ఒక్కరోజే. అన్నిటికీ పేర్లు రాశాను. పేరు కింద రెండు వాక్యాలు రాయమన్న చోట కూడా ఏదో రాయగలిగాను. సముద్ర నక్షత్రం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, దానికి జవాబు నేర్చుకునే వెళ్ళాను.

జీవశాస్త్రంలో ఇద్దరం పాసయ్యాం. భాయ్‌కి ఇంగ్లీషు పేపరు పోయింది. రెండో సంవత్సరం ఆయన చేరలేదు. కనుక్కుందామని ఒకరోజు పాత ఊర్లో ఆయన కొట్టుకి వెళ్ళాను. ఒక మిక్సీ విప్పుకుని కూర్చుని ఉన్నాడు. టీ చెప్పాడు. ఆదివారమే బేరాలు ఎక్కువ, కొట్టు మూస్తే కుదరడం లేదన్నాడు. నాకు మిగిలిన పేపర్లు ఎన్నో అడిగాడు. ఆ రోజు మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గిరాకీ ఎవరో వస్తే లేచి వచ్చేశాను.

మూడేళ్ళ డిగ్రీ నాకు అయిదేళ్ళు పట్టింది. కెమిస్ట్రీ రెండుసార్లు రాశాను. మాత్రలు మానేసి మోకాళ్ళకు ఆవనూనె మర్దన మొదలుపెట్టాను, అది పనిచేస్తుందో లేదో చెప్పలేను. ప్రమోషన్ ఇంకా ఆలస్యమై, మొత్తానికి వచ్చింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజు క్యూలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. కౌంటరులో ఆయన నా పేరులో అక్షరాలు సరిచూసుకోమన్నాడు. చూసుకున్నాను, సరిగానే ఉన్నాయి. కాగితం మడత పడకుండా కవరులో పెట్టి బస్సెక్కాను. సీటు దొరికింది, కూర్చోగానే నిద్ర పట్టేసింది. మా ఊరు దాటిపోయాక కండక్టరు లేపాడు. దిగి, ఎండలో రోడ్డు పట్టుకుని వెనక్కి ఇంటికి నడిచాను. రెండు పక్కలా నాట్లు వేస్తున్నారు. ఎవరో ఏటి బాబూ ఇటునుంచి ఒస్తన్నావని అడిగారు. నిద్రపోయానని చెప్పాను.