డాక్టరుకు చెప్పని నొప్పి

సోదె చెప్పేవాళ్ల దగ్గర మేము బాధ ఏమిటో చెప్పము. వాళ్లే కనిపెట్టాలి, అప్పుడే నమ్మకం. మదనపల్లె డాక్టరు దగ్గరా నేను అదే చేశాను.

అప్పటికి మా ఆయన పోయి రెండేళ్లు. మా పక్కకు పట్టుపురుగులు కొత్తగా వచ్చిన రోజులు. మల్బరీ తోటలో వంగి ఆకు కోస్తే నాకేమీ లేదు. నిటారుగా నాలుగు మళ్లు నడిస్తే మాత్రం నడుములోంచి మంట దిగి, కాళ్లు మొద్దుబారిపోయేవి. కాళ్లు పోతే తోట మరిది చేతికి పోతుంది. అదే నా భయం.

డాక్టరు ఏమైందని అడిగితే "నడుము" అన్నాను, అంతే. ఎక్స్‌రే తీయించి, ఎముకలు కొంచెం అరిగాయి, వయసుకు మామూలే అన్నాడు. నా కాళ్ల మాట అందులో లేదు. ఎవరిదో ఫోటో చూపించాడనుకున్నాను. పుంగనూరులో ఇంకొకాయన దగ్గర తీయిస్తే అదే మాట. ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను.

"ఫోటోలో లేని రోగం యాడుండాది వదినా? తోట నేను సూసుకుంటాలే, నువ్వు కూసో" అన్నాడు మరిది.

కూర్చోమనేవాళ్లంటే నాకు మరీ అనుమానం.

కుప్పంలో ఉండే మా చెల్లెలు పట్టుబట్టి అక్కడి ముసలి డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయింది. దారిలో చెప్పు సర్దుకున్నట్టు మూడుసార్లు వంగాను. ఆయన వరండాలోంచి చూస్తూనే ఉన్నాడు.

"చెప్పు బాగానే ఉండాది కదమ్మా, యాల వంగుతాండావు?"

నేను చెల్లెలి వైపు చూశాను.

"నేనేం సెప్పలేదక్కా" అంది.

"వంగితే కాళ్లు తేరుకుంటాయి, అంతేనా?" అన్నాడాయన.

"మీకెవురు సెప్పినారు?"

"నువ్వే. వీధిలో."

వెన్నులో నరాలు పోయే దారి ఇరుకై ఉంటుందని, మామూలు ఎక్స్‌రేలో నరం కనపడదని చెప్పాడు. వేలూరు పెద్దాసుపత్రికి పోయి, వెన్నులో సూదితో మందెక్కించి ఫోటో తీయించుకోవాలట.

"సూదికి కాళ్లు పడిపోతే?"

"అట్లా అయ్యేది శానా తక్కువ. కానేకాదని ఒట్టేసి మాత్రం సెప్పలేను."

అంతవరకు నాకు ఒట్టు వేయనన్నవాడు ఒక్కడూ తగల్లేదు. అప్పుడు మొత్తం చెప్పాను, ఎంత దూరానికి మొదలవుతుందో, ఏ కాలు ముందో. చెల్లెలు నోరు తెరుచుకుని విన్నది.

చీటీ తీసుకుని బయటికొచ్చాక, నేను తిరిగొచ్చేదాకా మా ఊళ్లో ఉండి పురుగులకు ఆకు వేయమని దాన్ని అడిగాను.

"మరి మీ మరిదికేమని సెప్పాల?"

"తిరుత్తణికి మొక్కు తీర్సుకోను పొయిందని సెప్పు."