ఆ ఫ్రెంచి సినిమాలో చివరి మాట

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందటి ఏడాది, వానాకాలంలో, తెనాలి ఫిల్మ్ క్లబ్బు వారి పని ఒకటి మా సబ్‌టైటిల్స్ సంస్థకు వచ్చింది. ఫ్రాన్సు తీరంలోని చేపల రేవులో జరిగే పాత నలుపు తెలుపు సినిమాకు తెలుగు అక్షరాలు వేయాలి. క్లబ్బు వారికి ఆ సినిమా అంటే ప్రాణం. ఏటా ఒకసారి వేసుకుని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తోనే చూసేవారు. పుదుచ్చేరిలో చదివిన రోజుల్లో నాకు ఫ్రెంచి అబ్బింది గనక పని నాకే అప్పగించారు. బాపట్లలో మా ఇంట్లోనే కూర్చుని రాశాను.

సబ్‌టైటిల్ రెండు వరుసలు మించకూడదు. పాత్ర నోరు తెరవగానే రావాలి, షాటు మారేలోపు పోవాలి. తెలుగు మాటలు పొడుగు, కత్తిరించక తప్పదు. అర్థాన్ని మాత్రం కత్తిరించకూడదు.

ఆ సినిమాలో నాయిక భర్త ఓడెక్కి వెళ్లిపోతాడు. చివర్లో పొరుగింటావిడ అతని గురించి అడిగితే ఆమె ఒక్క మాట అని, తలుపు గడియ పెట్టుకుంటుంది. ఆ మాటకు నేను ‘ఇక రాడు’ అని రాశాను. అది చూసి క్లబ్బు కార్యదర్శి ప్రసాదు ఫోన్ చేశారు.

“మాస్టారూ, ఆ ఒక్క ముక్క మార్చండి. ‘వస్తాడేమో’ అని పెట్టండి చాలు.”

కారణం అడిగితే చెప్పారు. రేపల్లెలో బట్టల కొట్టు నడిపే రత్నకుమారిగారు మొదటినుంచీ ఆ సినిమాకు వస్తున్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. పక్క సీట్లో భర్త కథంతా చెవిలో చెప్పేవారు. చివర్లో మాత్రం “మళ్లీ వస్తాడట” అనేవారు. వెనక వరుసలో కూర్చునే ప్రసాదు ఏటా ఆ మాట విన్నారు. ఆ భర్త కిందటేడు పోయారు.

“ఆయన చెప్పింది అబద్ధమని ఇప్పుడు మనం తెలియజెయ్యాలా అండి?” అన్నారు.

మార్చనని చెప్పాను. అయితే నలుగురి మధ్య, హాల్లో ఆమెకు తెలియడం నాకూ ఇష్టం లేదు. మర్నాడు రేపల్లె వెళ్లి కొట్లో కలిసి, నేనెవరో చెప్పి, విషయం నెమ్మదిగా మొదలుపెట్టాను. ఆమె చీర మడతపెడుతూ మధ్యలోనే అందుకున్నారు.

“రాడని నాకు తెలుసండి అన్నయ్యగారూ. ఆ పిల్ల మొహం చూస్తే తెలీదా ఏంటి? మొగుడొస్తాడనుకునే మనిషి తలుపు అలా గడియ పెట్టుకోదు.”

“మరి ఆయనతో ఎప్పుడూ అనలేదా అమ్మా?”

“ఎందుకండి? మొదటిసారి నేనేడుస్తానని భయపడి అలా చెప్పారు. తర్వాత మాట మార్చుకోలేకపోయారు. నాకు ఆ సినిమా ఎంతిష్టమో, చివర్లో ఆయన తడబాటు అంతిష్టం.”

తెనాలిలో ప్రదర్శన రోజు చివరి దృశ్యం వచ్చేసరికి ప్రసాదు తెర వదిలేసి ఆమెనే చూస్తున్నారు. ‘ఇక రాడు’ అన్న అక్షరాలు వచ్చాయి, పోయాయి. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. బయటికొచ్చాక నాతో, “మాటలు బాగున్నాయండి. అక్షరాలే కాస్త పెద్దవి పెట్టాల్సింది, మాలాంటోళ్లకి ఆనవు,” అన్నారు.

సినిమాను నిజంగా ప్రేమించే ప్రేక్షకులను దాని కథ నుంచి కాపాడే బాధ్యత సబ్‌టైటిల్ రచయితది కాదు. అన్న మాటను అన్నట్టుగా, చదవడానికి వీలుగా తెర మీద పెట్టడమే అతని పని. ఆ తర్వాత నేను చేసిన సినిమాలన్నిటికీ అక్షరాల సైజు పెంచాను.