మా మామ సినిమా మింగిన చింతతోపు

మా చిన్నప్పుడు... బాగేపల్లి అవతల మా మేనత్త చింతతోపులో సినిమా షూటింగ్ జరిగింది. అత్త మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి, చెమటలు కారుతుంటే ఆ సినిమా వాళ్ళందరికీ సంగటి కెలుకుతోంది. మామ మాత్రం తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, చలవ కళ్ళద్దాలతో మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు... ప్రొడ్యూసర్ కదా మరి!

అంతకు ముందు చింతామణిలో చెనిక్కాయల మండీ, అదే వేరుశెనగల వ్యాపారం, నడుపుకునే మనిషి. రాత్రికి రాత్రి ప్రొడ్యూసర్ అయిపోలేదు లెండి, దానికీ ఒక వరస ఉండేది ఆ రోజుల్లో. ముందు గుడిబండె టెంటు హాలుకి పాత సినిమా పెట్టెలు తెప్పించి ఆడించాడు. నాలుగు ఆటలు జనంతో నిండేసరికి సినిమా నాడి తనకి దొరికిపోయిందనుకున్నాడు. ఆ తర్వాత బెంగళూరు లాడ్జీల్లో మకాం. అక్కడ ఎవరు కథ చెప్పినా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడట. కథలు చెప్పేవాళ్ళకి టిఫిన్ పెట్టించే మనిషి దొరికాడు, మామకి తనని "సార్" అనేవాళ్ళు దొరికారు... అలా తయారయ్యేవాళ్ళండీ ప్రొడ్యూసర్లు.

డైరెక్టర్ కూడా ఆ లాడ్జీల్లోనే తగిలాడు. మద్రాసులో పెద్దపెద్దవాళ్ళ దగ్గర అసిస్టెంటుగా చేశానని చెప్పుకునేవాడు. ఏం చేశాడో ఎవరికీ తెలీదు. సంగటి మాత్రం బాగా తినేవాడు.

మరి సినిమాకి పెట్టుబడి? ఆ తోపే. అత్తకి పెళ్ళిలో వాళ్ళ నాన్న, అంటే మా తాత, పసుపు కుంకుమల కింద రాసిచ్చిన తోపు. కాయ దులిపే రోజుల్లో అత్త అక్కడే ఉండేది. ఏ చెట్టు పండుకి కండ ఎక్కువో, దేనికి నార ఎక్కువో కళ్ళు మూసుకుని చెప్పేది. అమ్మాలంటే ఆవిడ సంతకం కావాలి. ఎంత పోరినా పెట్టలేదు. చివరికి మామ అత్తని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, అందరి ముందూ కూర్చుని అందుకున్నాడు.

"ఇదో నాగరత్నా... తెర మీద మొట్టమొదట ఏం పడతాది తెలుసునా? సమర్పణ, శ్రీమతి నాగరత్నమ్మ! నా పేరు గూడా నీ ఎనకాలే. ఊరంతా చూస్తారు మే."

"నా పేరా? ఎంత పెద్దగా పడతాది?" అంది అత్త.

"గోడంత పెద్దగా!"

అత్త సంతకం పెట్టేసింది. భార్య పేరు 'సమర్పణ' అని వేయడం ఆ కాలం సినిమావాళ్ళ మర్యాద... ఇల్లు గుల్ల చేసి పైన శాలువా కప్పడం అన్నమాట.

తోపు కొన్నాయన షూటింగ్ అయ్యేదాకా చెట్లు కొట్టనని మాటిచ్చాడు. ఆ మాత్రం జాలి ఆయనకుంది... మామకి అదీ లేదు.

ఇక సినిమా సంగతి... మా వైపు, కర్ణాటక సరిహద్దు కాబట్టి, ఇళ్ళల్లో తెలుగూ కన్నడమూ కలిపే మాట్లాడుకుంటాం కదా. లోకమంతా అంతే అనుకున్నాడు మామ. హీరో "ఊట ఆయ్తా?" అని కన్నడంలో అడుగుతాడు. హీరోయిన్ "ఇంకా లేదప్పా, నువ్వు తింటివా?" అని తెలుగులో అంటుంది. సినిమా మొత్తం ఇదే తంతు. కొత్త రకం అన్నాడు డైరెక్టర్. అవునవునన్నాడు మామ. మరి పేర్లు ఏ అక్షరాల్లో వేయాలి? తెలుగా, కన్నడమా అని తన్నుకుని, చివరికి ఇంగ్లీషులో వేయించారు. మామకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మద్రాసు వెళ్ళి చూసి, అంతా అర్థమైనట్టు తలూపి వచ్చాడు.

చింతామణి టాకీసులో మ్యాట్నీ. బంధువులందరం వెళ్ళాం. అత్త పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొచ్చింది. లైట్లు ఆరాయి, తెర మీద అక్షరాలు పడ్డాయి. మామ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, మేమూ కొట్టాం. అత్త తెరకి దణ్ణం పెట్టింది.

మా పెద్దక్క అప్పుడు చిక్కబళ్ళాపురంలో కాలేజీ చదువుతోంది. పాపం, దానికేం తెలుసు... గట్టిగా అడిగేసింది.

"శ్రీమతి సుగుణ అని వేసినారే... ఈ సుగుణ ఎవురు మామా?"

మామ చప్పట్లు ఆగిపోయాయి. సుగుణ డైరెక్టర్ పెళ్ళాం. ఆ డైరెక్టర్ ఆ రోజు ఆటకి రానేలేదు, ఆ తర్వాత మా వైపు తొంగి చూడనూ లేదు.

అత్త ఏడవలేదు, లేచి వెళ్ళలేదు. ఆట అయ్యాక బయటికొస్తూ నా చెయ్యి పట్టుకుని అంది...

"మా నాయన నాటిన చెట్టు చూస్తివా పాపా? పాటలో బాగా కనపడె. నేను చెట్లే చూస్తా కూర్చుంటి."

అప్పటికే ఆ చెట్లు కొట్టేశారు. మామ మొహం మీద ఉమ్మేయాలనిపించింది నాకు.

సినిమా కొనమంటే బెంగళూరు వాళ్ళు ఇది తెలుగు అన్నారు, అనంతపురం వాళ్ళు ఇది కన్నడం అన్నారు. రీళ్ళ డబ్బాలు ఇంటికొచ్చాయి. అత్త రీళ్ళు తీసి అటక మీద పడేసి, డబ్బాలు కడిగి వడియాలు పోసుకుంది. ఆ సినిమా వల్ల ఎవరికైనా ఉపయోగం జరిగిందంటే అదొక్కటే. మామ మళ్ళీ మండీలో తక్కెడ ముందు కూర్చున్నాడు... చలవ కళ్ళద్దాలు మాత్రం తీయలేదు. పోయేదాకా ఊరంతా "ప్రొడ్యూసరప్పా" అనే పిలిచింది. సిగ్గుపడేవాడనుకున్నారా? మురిసిపోయేవాడు!

ఇప్పుడు రెండు భాషలు కలిపి సినిమా తీస్తే "ఎంత సహజంగా ఉందో" అంటున్నారు. మీ మామ ముందే తీశాడు కదా అంటాడు మా అబ్బాయి. ముందే తీశాడు... నిజమే. తీసింది ఎవరి తోపుతో?

ఆ తోపు చోట ఇప్పుడు ఇళ్ళ సైట్లు... అత్తా లేదు. గోడంత పెద్దగా పడాల్సిన పేరు ఏ తెర మీదా పడలేదు. అందుకే నా ఈ చిన్న ఫేస్‌బుక్ గోడ మీద వేస్తున్నాను...

సమర్పణ: శ్రీమతి నాగరత్నమ్మ.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి ప్రొడ్యూసర్ ఒకడు ఉండే ఉంటాడు. వాడి పేరు నాకొద్దు... ఎవరి తోపు పోయిందో ఆవిడ పేరు కింద రాయండి.