ఆయన మా ఇంటి పెళ్ళికి వచ్చిన రోజు

మా బాబుకు కండరాల బలం కొద్దికొద్దిగా తగ్గిపోయే జబ్బు ఉందని తెలిసేటప్పటికి వాడికి మూడో ఏడు. మందు ఉంది. విదేశం నుంచి తెప్పించి రోజూ తాగించాలి. అది ఉన్న బలాన్ని నిలబెడుతుందే తప్ప పోయినదాన్ని తెచ్చివ్వదని డాక్టరు మొదటి రోజే చెప్పారు. ఇలాంటి జబ్బులకు కేంద్రం ఇచ్చే సాయానికి ఒక హద్దు ఉంది. అది దాటితే మందు ఆగిపోతుంది. మేం ఆ హద్దుకు దగ్గరపడ్డాం. దాన్ని ఎత్తేయమని పార్లమెంటులో ఎవరైనా అడగాలి.

అడగడానికి మాకు ఒక మనిషి ఉన్నాడు. మా మామయ్యకు జమ్మలమడుగు హైస్కూల్లో బెంచీమేటు. ఇప్పుడు పెద్దల సభలో సభ్యుడు. వెనక వరసలో సీటు. మా వైపు ఆయన్ని కూడా ఎంపీ అనే అంటారు. ఆయన సభలో ఏం చేస్తాడో అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. బాబు కోసం నేను చూడడం మొదలుపెట్టాను. వంట చేస్తూ ఫోన్లో సభ పెట్టుకునేదాన్ని. ఓటింగ్ వచ్చినప్పుడు పార్టీ చెప్పినట్టు బటన్ నొక్కేవాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే బల్ల చరిచేవాడు. తాను లేచి మాట్లాడడం మాత్రం అరుదు.

మామయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్తే ఆయన బాగానే విన్నాడు. "రాసియ్యి పాపా. తెలుగులోనే రాయి, తెలుగులోనే సదువుతా" అన్నాడు. ఒక పేజీ రాసిచ్చాను. 'మా ప్రాంతంలో ఒక పిల్లవాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఆ నడక నిలబడాలంటే మందు ఆగకూడదు' అని మొదలుపెట్టాను. సభ్యులు తమ ప్రాంతం సంగతులు లేవనెత్తే జీరో అవర్‌లో మాట్లాడాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, ఎంపికైతేనే పేరు పిలుస్తారు. ఢిల్లీలో ఆయన ఆఫీసు చూసుకునే పెద్దాయన సభ ఉన్న ప్రతి రోజూ నోటీసు పెడుతూ వచ్చాడు. పేరు మాత్రం రాలేదు.

ఆ సమావేశాల మధ్యలోనే మా మరిది పెళ్ళి కుదిరింది. అమ్మాయిది పులివెందుల, కల్యాణ మండపం ప్రొద్దుటూరులో. మామయ్య పత్రిక మీద మొదట రాసిన పేరు ఎంపీ గారిదే. ఆయనకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"సభ నడుస్తాందప్పా, యాడొచ్చేది?" అన్నాడాయన.

"సభ రేపూ ఉంటాది, ఎల్లుండీ ఉంటాది. నా చిన్నోని పెండ్లి రోజూ ఉంటాదా? పులివెందులోళ్ళ ముందర నా తల తీసేస్తావా ఏంది?"

"సరేలే సామీ, వస్తా. మీ ఇంట్లో వంకాయ కూర తిని శానా దినాలైంది."

మా వైపు నాయకుడంటే పెళ్ళికొచ్చేవాడు, చావుకొచ్చేవాడు. రానివాడు ఎంత గొప్పగా మాట్లాడినా ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఫోన్ పెట్టేశాక మామయ్య ముఖం వెలిగిపోయింది. "చూసినావా మా, మన కోసం ఢిల్లీ వదిలిపెట్టి వస్తాండాడు" అన్నారు.

శుక్రవారం పెళ్ళి. పొద్దునే ముహూర్తం అయిపోయింది. చదివింపులు మొదలవుతుండగా ఆయన కార్లు వచ్చాయి. మేళగాళ్ళు పాట ఆపి మళ్ళీ జోరుగా అందుకున్నారు. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు. అప్పుడే నా ఫోన్ మోగింది. ఢిల్లీ ఆఫీసు పెద్దాయన.

"పేరొచ్చిందమ్మా."

"ఎప్పుడండీ?"

"ఈ పొద్దే. ఇప్పుడే పిలుస్తారు. సారు యాడుండారో నీకు నేను చెప్పల్నా?"

బాబును చంకనేసుకుని భోజనాల హాలు వెనక్కి పోయి ఫోన్లో సభ తెరిచాను. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన పేర్లు చదువుతున్నారు. మా ఎంపీ గారి పేరు ఇంగ్లీషు యాసలో వినబడింది. వెనక వరస ఒక్క క్షణం కనబడింది. ఆ సీటు ఖాళీగా ఉంది. "నాట్ ప్రెజెంట్" అన్నారు. తర్వాతి పేరు పిలిచారు. ఆ సభ్యుడెవరో లేచి తమ ఊరి రైలు గేటు గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

నేను హాల్లోకి వచ్చేసరికి ఆయన పెళ్ళికొడుకు తల మీద అక్షింతలు వేస్తున్నాడు. కిందికి దిగుతూ నన్ను చూసి బాబును చేతుల్లోకి తీసుకున్నాడు. "ఏం రా అబ్బోడా, నీ సంగతి నేను సూసుకుంటా గదా!"

ఫోన్ చూపించి, ఇప్పుడే మీ పేరు పిలిచారని చెప్పాను. చూశాడు. "ఈ పొద్దేనా?" అన్నాడు. బాబును జాగ్రత్తగా నా చేతికిచ్చాడు. ఫోటోలవాళ్ళు పిలుస్తున్నా కదల్లేదు.

మామయ్యకు విషయం అర్థమయ్యాక, "దానికేముందప్పా, సోమవారం అడుగుదువులే" అన్నారు.

సోమవారం సభలో గొడవ. మంగళవారం కూడా గొడవే. ఆ తర్వాత సమావేశాలు ముందుగానే ముగించేశారు.

మళ్ళీ సభ కూడడానికి నెలలు పట్టింది. ఈలోగా కేంద్రం సాయం హద్దు దాటి మందు ఆగిపోయింది. చుట్టాలు, తెలిసినవాళ్ళు తలా కొంచెం వేసుకుని కొనిచ్చారు, అది వానలు మొదలయ్యేదాకా వచ్చింది. తర్వాత బాబు గోడ పట్టుకుని రెండడుగులేసి కూర్చుండిపోయేవాడు. ఒక రోజు గోడ దగ్గరికి తీసుకుపోతే, "వద్దు మా, ఈడనే ఆడుకుంటా" అన్నాడు. ఆ తర్వాత వాడు నడవలేదు.

కొత్త సమావేశాల్లో రెండో వారం ఆయన పేరు వచ్చింది. ఈసారి ఆయన సీట్లోనే ఉన్నాడు. ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. మామయ్య వీధిలోవాళ్ళను కూడా పిలిచారు. ఆయన లేచి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం చదవడం మొదలుపెట్టాడు. చాలా బాగా చదివాడు. నేను రాసిన మాటలే, ఒక్కటి కూడా మార్చలేదు.

"మా ప్రాంతంలో ఒక పిల్లవాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు..."

ఇంట్లోవాళ్ళు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. మామయ్య టీవీ వైపు చూడడం మానేసి, తన ఒడిలో ఉన్న బాబు కాళ్ళను తువ్వాలుతో కప్పారు. "నేనే గదా పిలుచుకొచ్చింది" అన్నారు మెల్లగా. కాదని చెప్పాలని నాకు అనిపించలేదు.

ఈరోజు సాయంత్రం ఢిల్లీ నుంచి పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశాడు. పోయినసారి ఉన్న కరుకుదనం ఆయన గొంతులో లేదు. "మంత్రిగారు వివరాలు అడిగినారమ్మా. బాబు ఇప్పుడెట్లుండాడో రాసి పంపు" అన్నాడు.

బాబు నిద్రపోయాక కూర్చున్నాను. వాడు తనంతట తాను పక్కకు తిరగలేడు కాబట్టి మధ్యమధ్య లేచి తిప్పి పడుకోబెట్టి మళ్ళీ వచ్చి రాస్తున్నాను. వీపుకు దిండు పెడితే కూర్చుంటాడు అని రాశాను. రెండు చేతులతో గ్లాసు ఎత్తుకుని తాగుతాడు అని రాశాను. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఈ కాగితం ఎన్ని బల్లలు దాటి, ఎప్పటికి, ఎవరి చేతికి చేరుతుందో తెలియదు. ఆ వాక్యం కొట్టేయలేదు. పక్కన ఈరోజు తేదీ వేశాను. చదివేవాళ్ళకు కనీసం ఈ రోజున అది నిజమని తెలియాలి.