కల్లానికొచ్చిన చుట్టాలు

మొన్న సత్తెనపల్లి నుంచి బస్సులో వస్తుంటే, రోడ్డు పక్కన ఎవరిదో మిరపకల్లం దగ్గర ఒక ఏసీ బస్సు ఆగి ఉంది. దిగినవాళ్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని, ఎర్రగా ఆరబోసిన కాయల ముందు ఫొటోలు దిగి, అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్లను ఒక్క మాటైనా పలకరించకుండా వెళ్లిపోయారు. ఎందుకో మా వదిన గుర్తొచ్చి, ఇల్లు చేరేదాకా నాకు మనసు మనసులో లేదు.

మన వయసువాళ్లకు తెలిసిందే, మన మెట్ట ఊళ్లను చూడ్డానికి అప్పట్లో ఎవరొచ్చేవాళ్లు కనుక! అలాంటిది ఒక ఏడాది టూరిజం కంపెనీ మేనేజరుగారు మా ఊరొచ్చి, బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, ఊరి చివర గదులు కడతాం, మీరు వంట చేసి పంపితే చాలన్నారు. మా వదిన, అంటే మావారి అక్కగారు, చిన్నతనంలోనే భర్త పోతే సొంతంగా సేద్యం చేసుకుంటూ ఎవరికీ జంకకుండా బతికిన మనిషి, లేచి అడిగేసింది.

“మా ఊరు చూడ్డానికొచ్చి మా గడప తొక్కకుండా పోతే, ఇంకేం చూసినట్టండీ?”

ఆయన నవ్వేశారు. చివరికి, ఒప్పుకున్న ఇళ్లలో కంపెనీ స్నానాలగదులు కట్టించేట్టు, ఎవరింటికి ఎందరు రావాలో మేమే చెప్పేట్టు మాట కుదిరింది.

మొదట మా ఇంటికి కలకత్తా నుంచి ఒక పెద్దవయసు దంపతులు వచ్చారు. ఆ ఇల్లాలు ఊరికే కూర్చోలేక కల్లానికొచ్చి, వద్దని ఎంత సైగ చేసినా వినకుండా, వదిన పక్కన చేరి కాయల తొడిమలు, అదే ముచ్చికలు, తీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి చేతులు భగ్గుమని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటే, వదిన ఆ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తూ, పసిపిల్లను కోప్పడినట్టు తెలుగులో కోప్పడింది. ఆవిడ బెంగాలీలో ఏదో బదులు చెప్పింది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థమై ఉండదు, అయినా పొద్దు గూకేదాకా కబుర్లాడుకుంటూనే ఉన్నారు. వెళ్లేటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

కల్లంలో వాళ్లిద్దరినీ ఆవిడ భర్త తీసిన ఫొటో కంపెనీ పెద్దలకు తెగ నచ్చిందట. మరుసటి ఏడాది మేనేజరుగారు నసుగుతూ వచ్చి, అతిథులు వచ్చినప్పుడు ఆడవాళ్లంతా ఒకే రంగు చీరలు కట్టుకుని, పని లేకపోయినా కల్లంలో ముచ్చికలు తీస్తూ కనబడాలని పైవాళ్ల మాటగా చెప్పారు.

ఎప్పుడూ పెద్దగొంతుతో మాట్లాడే వదిన ఆ రోజు చాలా మెల్లగా అంది. “మేం నాటకాలవాళ్లం కాదండీ. పనుంటే చేసుకుంటాం, లేకపోతే ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడతాం. అది చాలదంటే రావద్దని చెప్పండి.”

ఆ సీజను ఎవరూ రాలేదు. చేతికందిన ఆధారం పోగొట్టిందని ఊళ్లో కొందరు వదిననే తప్పుపట్టారు. ఆవిడ మాత్రం వీధిలో కారు చప్పుడైతే చాలు, చేస్తున్న పని ఆపి తొంగిచూసేది.

పై ఏడు కాయ కోతకొచ్చే వేళకు మేనేజరుగారు వచ్చారు. పైవాళ్లతో పోట్లాడి ఒప్పించడానికి ఇన్నాళ్లు పట్టిందని చెప్పి, కారు తలుపు తీసి, ఒక ముసలమ్మగారిని చెయ్యి పట్టుకుని దింపారు.

“మా అమ్మండీ. ఈసారి మొదటి అతిథి ఈవిడే” అన్నారు.

వదిన గబగబా ఎదురెళ్లి ఆవిడకు కాళ్లకు నీళ్లిచ్చింది. కొంగుతో మొహం తుడుచుకోవడం మిరపకాయల ఘాటువల్లేనని అందరితోనూ అంది. మేమెవరమూ నమ్మలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ రాకపోకలు సాగాయి. మేనేజరుగారు రిటైరయ్యారు, కంపెనీ చేతులు మారింది, హైవే పక్కన రిసార్టు వచ్చింది, వదినా కన్నుమూసింది. రిసార్టును నేను తప్పుపట్టను, మా ఊరి పిల్లలు నలుగురు అక్కడ నీడపట్టున ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వంట కూడా బాగుంటుందంటారు. కాకపోతే, అప్పట్లో వీధిలో కొత్త మనిషి కనబడితే ఫలానావారింటి చుట్టాలని చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరొచ్చినా రిసార్టువాళ్లని ఊరుకుంటున్నాం.